మూసిన కిటికీల రిజిస్టరు

ఆ యూనివర్సిటీలో గొళ్ళెం బాబాయ్ అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు జీతాల గుమాస్తా, ఇంకొకరు ఆయన భార్య. గుమాస్తా నెలకోసారి పలికేవాడు, భార్య కోపమొచ్చినప్పుడు పలికేది. రెండోదే ఎక్కువసార్లు జరిగేదని ఆయనే చెప్పుకునేవాడు. మిగతా అందరికీ, నిన్నగాక మొన్న చేరిన పిల్లల దగ్గర్నుంచి రిజిస్ట్రారు దాకా, ఆయన గొళ్ళెం బాబాయే.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఉద్యోగం ఒక్కటే. పొద్దున్నే తలుపులు తెరవడం, సాయంత్రం తలుపులూ కిటికీలూ మూసి గొళ్ళేలు బిగించడం, గేటు పక్క గదిలో ఉన్న రిజిస్టరులో "కిటికీలన్నీ మూసితిని" అని రాసి సంతకం పెట్టడం. చేరిన రోజున పాత హెడ్డు గుమాస్తా అలా రాసి చూపించాడట. ఆ గుమాస్తా పోయాడు, ఆయన రాసే భాషా పోయింది, ఈయన మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు.

దానికో కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక సాయంత్రం పరీక్షల విభాగంలో ఒక్క కిటికీ మరిచాడు. ఆ రాత్రి ఎక్కడా లేని వాన వచ్చి, కిటికీ కింద కట్టలు కట్టి పెట్టిన జవాబు పత్రాలను తడిపి ముద్ద చేసింది. మూడు వందల మంది పిల్లలు మళ్ళీ పరీక్ష రాశారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడవడం ఆయన చూశాడు. మెమో ఇచ్చారు, తీసుకున్నాడు. అది చిరిగిపోయి చాలాకాలమైంది గానీ ఆ అమ్మాయి మాత్రం ఆయన బుర్రలోంచి లేవలేదు. ఆ రోజు నుంచి ఆ ప్రాంగణంలో సూర్యుడు దిగాక తెరిచి ఉన్న కిటికీ అన్నది లేదు. రిజిస్ట్రారు ఏ మీటింగులోనైనా క్రమశిక్షణ గురించి మాట్లాడాల్సి వస్తే గొళ్ళెం బాబాయ్‌నే ఉదాహరణగా చెప్పేవాడు.

ఆయనకు ఇంకో గుణం కూడా ఉండేది. ఏ వస్తువైనా ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా కడుపులో అన్నం అరిగేది కాదు. పాడైన తాళం కనబడితే విప్పి, లోపలి స్ప్రింగులు పాత బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. ఒకే ఎండలో ఉన్న ఇనుప రెయిలింగు చెయ్యి కాలుస్తుంటే పక్కనే ఉన్న చెక్క తలుపు ఎందుకు కాల్చదని ఒకసారి ఫిజిక్సు లెక్చరర్ను ఆపి అడిగాడు. పదేళ్ళుగా తన విద్యార్థులెవరూ ప్రశ్న అడక్క బెంగపడి ఉన్న ఆ లెక్చరరు, ఆనందంతో గంటసేపు చెట్టు కింద నిలబెట్టి చెప్పాడు. బాబాయికి సగమే అర్థమైంది. ఆ సగాన్నే భార్యకు రెండు రోజులు చెప్పాడు.

ఇలాంటి మనిషి చేతికి కొత్త లైబ్రరీ తాళాలు వచ్చాయి.

ఆ నేల అసలే ఎండల నేల. ఏడాదిలో ఏడు నెలలు నెత్తిన నిప్పులు చెరుగుతుంది. అందుకే కొత్త ప్రాంగణానికి నక్షా గీసినావిడ, ఒక భవనం నీడ ఇంకో భవనం మీద పడేలా, మధ్య దారులు ఇరుగ్గా, ఎండ తగిలే వైపు చిల్లుల ఇటుక గోడలతో, ఏసీలు లేకుండానే చల్లగా ఉండేలా ఏడు భవనాలు ఆలోచించింది. ఆవిడ ఆర్కిటెక్టు. బాబాయి లెక్కలో మాత్రం భవనం బొమ్మ గీసేవాళ్ళంతా ఇంజనీర్లే కాబట్టి, ఆవిడ ఇంజనీరమ్మ అయింది. ముందుగా లైబ్రరీ కట్టారు. అది నెగ్గితే మిగతా ఆరూ అదే పద్ధతిలో కడతామన్నారు.

రెండడుగుల మందం గోడలు, నడుమ చిన్న నీటి తొట్టి ఉన్న ముంగిలి, చదువుకునే హాలులో పైకప్పు కింద వరసగా నలభై కిటికీలు. కింద గోడకున్న చక్రం తిప్పితే పై కిటికీలు నాలుగేసి చొప్పున తెరుచుకునేవి. అలాంటి చక్రాలు పది. ప్రారంభోత్సవం రోజున బాబాయి ఆ చక్రాల పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం చూసి మురిసిపోయాడు. సాయంత్రం కాగానే పదీ తిప్పి నలభై కిటికీలూ మూసేశాడు. ఆ తర్వాత వాటిని తెరవాల్సిన అవసరం ఎవరూ చెప్పలేదు.

కష్టమంతా ఆ తర్వాతే మొదలైంది. మొదటి వేసవిలోనే మధ్యాహ్నానికి హాలు ఉడికిపోయేది. పిల్లలు దానికి కుంపటి అని పేరు పెట్టారు. లైబ్రేరియను తడి రుమాలు మెడకు చుట్టుకుని కూర్చునేది. రెండో వేసవికి యూనివర్సిటీ ఓపిక అయిపోయింది. పై కిటికీలకు ఇటుకలు కట్టించి, ఏసీలు బిగించి, మిగతా ఆరు నక్షాలూ పక్కన పడేయాలని కమిటీ వేశారు. ఇంజనీరమ్మ బతిమాలగా పది రోజులు గడువు దొరికింది. పదో రోజు మధ్యాహ్నం మూడింటికి కమిటీ ఆ హాల్లోనే కూర్చుని సంతకాలు చేస్తుంది.

మొదటి రోజు ఆవిడ డజను థర్మామీటర్లతో దిగింది. నిచ్చెన పట్టుకోవడానికీ, పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ, సాయంత్రం అయిదింటికీ అంకెలు రాయడానికీ బాబాయిని ఇచ్చారు. ఆయనకు పండగే. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఒక్కో థర్మామీటరు దగ్గర ఊపిరి బిగబట్టి మరీ చదివేవాడు, తన ఊపిరి తగిలి అంకె ఎక్కడ పెరుగుతుందోనని.

"ఇది పోతే మిగతా ఆరూ గాజు డబ్బాలే బాబాయ్," అంది ఆవిడ మూడో రోజు, నిచ్చెన చివరన కూర్చుని. "తొమ్మిదేళ్ళు దీని మీదే ఉన్నాను. గోడలు ఎందుకు చల్లారడం లేదో నాకు అంతుచిక్కడం లేదు."

పొద్దున ఆరింటికి బయట ఇరవై అయిదు, లోపల ముప్పై నాలుగు. మనిషి లేని, దీపం లేని హాల్లోకి రాత్రికి రాత్రి వేడి ఎక్కడి నుంచి వస్తోంది? ఆవిడ గోడకు చిల్లు పెట్టి ఇటుక చూసింది. పైకప్పు పెంకులు లేపి చూసింది. బాబాయి ఇంటికెళ్ళేటప్పుడు కూడా ఆ తొమ్మిది డిగ్రీల గురించే ఆలోచిస్తూ ఎదురొచ్చిన సైకిలును గుద్దుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆవిడ రోజూ అయిదున్నరకు వెళ్ళిపోతూ పది చక్రాలూ తన చేత్తో తిప్పి, నలభై కిటికీలూ బార్లా తెరిచి వెళ్ళేది. బాబాయి ఏడింటికి వచ్చి చూసేవాడు. మొదటి రోజు, పాపం, హడావుడిలో మరిచిపోయిందనుకున్నాడు. రెండో రోజు, చదువెక్కువైన వాళ్ళకు మతిమరుపు సహజమేననుకున్నాడు. మూడో రోజు నుంచి ఏమీ అనుకోకుండా మూసేయడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడకు చెబుదామా అని ఒకసారి అనిపించింది. అసలే తల తిరిగే చిక్కుల్లో ఉంది, నువ్వు కిటికీలు మరుస్తున్నావమ్మా అంటే చిన్నబుచ్చుకోదూ? తను ఉన్నది ఎందుకు మరి? ఒక మనిషి తప్పును ఇంకో మనిషి చడీచప్పుడు లేకుండా సర్దేస్తే లోకానికేం నష్టమనుకున్నాడు.

పొద్దున తొమ్మిదికి ఆవిడ వచ్చేసరికి కిటికీలు మూసి ఉండేవి. సూర్యుడు రాగానే మూయాలన్నది ఆవిడ రాసిన పద్ధతే. అలాగే చేస్తున్నారా అని మొదటి రోజే ఆఫీసులో అడిగింది. ఆ పద్ధతి పుస్తకం ముఖమైనా చూడని మేనేజరు, ఆఫీసులన్నీ చెప్పే జవాబే చెప్పాడు: అంతా పుస్తకం ప్రకారమే మేడమ్. ఇంకేం, ఆవిడ నమ్మింది. మీవాళ్ళు ఎంత పద్ధతిగా మూస్తున్నారో అని బాబాయిని మెచ్చుకుంది కూడా. ఆయన సిగ్గుపడి తల వంచుకున్నాడు. చదివేవారికి ఈపాటికి సంగతి తెలిసిపోయే ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే వాళ్ళకే తెలియదు.

ఎనిమిదో రోజు సాయంత్రం బాబాయి ఇంట్లో గొడవైంది. ఆయనకు ఇంట్లోనూ అన్నీ మూసే అలవాటు. పెరుగు తోడు వేయడానికని భార్య పాలు కాచి దించి పక్కింటికి వెళ్ళింది. ఆయన వస్తూనే గిన్నె మీద మూత కనబడక, బిగువైన మూత వెతికి మరీ పెట్టాడు. గంట తర్వాత ఆవిడ వచ్చి మూత తీసి వేలు పెట్టి చురుక్కుమని లాక్కుంది.

"ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఎవరు పెట్టమన్నారు మూత? మూత పెడితే వేడి ఎటు పోతుంది, నా నెత్తి మీదకా?"

మామూలుగా అయితే ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆ రోజు లేచి వచ్చి, మూత తిరగేసి, దాని లోపలి వైపు వేలాడుతున్న నీటి చుక్కల్ని చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత ఇంకో గిన్నె అడిగాడు. పాలు మళ్ళీ కాచి రెండు సగాలు చేసి, ఒకదానికి మూత పెట్టి, ఒకటి తెరిచి ఉంచి, జేబులోని యూనివర్సిటీ థర్మామీటరు కడిగి, రెండింటిలోనూ పది నిమిషాలకోసారి ముంచి చూస్తూ మధ్యలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. యూనివర్సిటీ వాళ్ళు ఇక పెరుక్కి కూడా పరీక్షలు పెడుతున్నారా అని భార్య అడిగింది. ముప్పావు గంటకు తెరిచిన గిన్నె తోడుకు సిద్ధమైంది, మూత గిన్నెలో వేలు పెట్టడానికి లేదు.

"రోజూ సాయంత్రం నేను చేసేది ఇదేనే," అన్నాడు చివరికి.

ఆవిడకు అర్థం కాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే నాలుగో నంబరు బీరువా తెరిచాడు. లైబ్రరీ అప్పగించిన రోజున ఒక లావుపాటి పద్ధతి పుస్తకం చేతికిచ్చి, భద్రంగా ఉంచమన్నారు. ఆయన కంటే భద్రంగా ఉంచేవాళ్ళెవరు? రెండేళ్ళుగా అది ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పకుండా ఆయన తాళం కిందే ఉంది. తొడుగు చింపి పేజీలు తిప్పాడు. ఒకచోట పక్కపక్కనే రెండు బొమ్మలు. ఒకదాంట్లో భవనం మీద సూర్యుడు, కిటికీలు మూసి ఉన్నాయి. రెండోదాంట్లో భవనం మీద చంద్రుడు, కిటికీలు తెరిచి ఉన్నాయి, లోపలి నుంచి ఎర్ర బాణాలు పైకి పోతున్నాయి. చిన్నపిల్లలకు కూడా తెలిసేలా ఉంది.

ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగకు తను దొంగనన్న సంగతే తెలియదు. రెండేళ్ళ కుంపటి, లైబ్రేరియను తడి రుమాలు, ఇంజనీరమ్మ తొమ్మిదేళ్ళ కష్టం, అన్నిటికీ కారణం తన చెయ్యే. వెంటనే వెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. కానీ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా ఒక్క కిటికీ మరవని మనిషి అని రిజిస్ట్రారు వీడ్కోలు సభకు మాటలు కూడా రాసుకున్నాడని గుమాస్తా చెప్పాడు. ఉన్న ఒక్క మంచిపేరూ చివరి నెలలో తనే చెడగొట్టుకోవాలా? పైగా పాలగిన్నె సాక్ష్యం భవనానికి చెల్లుతుందో లేదో. మింగలేక కక్కలేక మధ్యాహ్నం దాకా తిరిగి, ముందు నిజమో కాదో చూద్దామనుకున్నాడు.

అయితే వాన సంగతి? ఇరవై ఏడేళ్ళనాటి ఆ అమ్మాయి మళ్ళీ మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. ఇంజనీరమ్మ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, ఒక చక్రం తిప్పి కిటికీలు తెరిచి, బకెట్టు నీళ్ళతో బయటి నిచ్చెన ఎక్కి వాటి మీద గుమ్మరించాడు. ఒకసారి నిదానంగా, ఒకసారి విసురుగా, ఒకసారి గాలివాన ఎలా కొడుతుందో అలా పక్క నుంచి. కిటికీల మీద బయటికి వాలి ఉన్న రేకులు నీళ్ళన్నీ తోసేశాయి. లోపల పుస్తకాల అర మీద ఒక్క చుక్క లేదు. కిటికీలకు బిగించిన వల చూస్తే పిచ్చుక కూడా దూరదు. ఇంజనీరమ్మ తన కంటే ముందే తన భయాలన్నీ ఆలోచించి పెట్టిందని తెలిసి ఆయనకు ముచ్చటేసింది.

సాయంత్రం ఏడింటికి హాల్లో నిలబడ్డాడు. నలభై కిటికీలు తెరిచి ఉన్నాయి. చెయ్యి రెండుసార్లు చక్రం మీదికి పోయింది, రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు. తలుపుకు మాత్రం తాళం వేసి గేటు గదికి వచ్చి రిజిస్టరు తెరిచాడు. మూసితిని అని రాస్తే అబద్ధం. మూయలేదని రాస్తే పొద్దున్నే పిలుపు వస్తుంది. కలం పట్టుకుని కాసేపు నిలబడి, తేదీ ఒక్కటే వేసి, ఆ వరస ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయాడు.

పదో రోజు తెల్లవారుతూనే పరుగున వచ్చాడు. తలుపు తీయగానే ముఖానికి తగిలిన గాలి వేరు. గోడకు అరచెయ్యి ఆనించాడు, తర్వాత చెంప ఆనించాడు. థర్మామీటరు ఇరవై తొమ్మిది చూపించింది. పన్నెండూ చదివాడు, అన్నీ అటూ ఇటూగా అంతే. ఏడింటికి బొమ్మలో ఉన్నట్టే కిటికీలు మూశాడు. ఒక్క రాత్రికే అయిదు డిగ్రీలు, రోజూ తెరిస్తే ఇంకెంత దిగుతుందోనని వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ, తన పేరు పోతుందన్న సంగతి కాసేపు మరిచే పోయాడు.

మూడింటికి కమిటీ అయిదుగురూ విసనకర్రలతో, మంచినీళ్ళ సీసాలతో వచ్చారు. బయట నలభై రెండు. లోపల కూర్చున్న పావుగంటకు గానీ ఎవరూ చెమట తుడుచుకోవడం లేదని రిజిస్ట్రారు గమనించలేదు. థర్మామీటరు చూస్తే ముప్పై మూడు. నిన్న ఇదే వేళకు ముప్పై ఎనిమిది. ఈ రోజు ఏం మారిందని ఇంజనీరమ్మను అడిగారు.

ఆవిడ అబద్ధం ఆడే రకం కాదు. తెలియదంది. పరికరాలు రెండుసార్లు సరిచూశాననీ, కారణం దొరకలేదనీ ఒప్పుకుంది. రెండేళ్ళ వేడిని ఒక్కరోజు చలవ కొట్టేస్తుందా, కారణం తెలియనిది కాకతాళీయమే కదా అన్నాడు ఒక సభ్యుడు. రిజిస్ట్రారు ఆవిడ వంక జాలిగా చూసి, కలం మూత తీశాడు.

తలుపు దగ్గర తాళాల గుత్తి గలగలమంది.

"కారణం నాకు తెలుసండి," అన్నాడు బాబాయి. నాలుగడుగులు ముందుకు వచ్చాడు. "తప్పు ఈ బిల్డింగుది కాదండి. నాది. రాత్రిళ్ళు తెరిచి ఉంచాల్సిన కిటికీలు రెండేళ్ళుగా నేనే మూసి ఉంచాను."

రిజిస్ట్రారు కలం ఆపాడు. "నువ్వు మూస్తావనే కదయ్యా ఇన్నేళ్ళూ మెచ్చుకున్నది," అన్నాడు.

"అవునండి. అక్కడే వచ్చింది చిక్కు."

పద్ధతి పుస్తకం, రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేజీ తర్వాత పేజీ మూసితిని, మూసితిని, మూసితిని. నిన్నటి వరస దగ్గర తేదీ ఉంది, మాట లేదు, సంతకం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో అదొక్కటే ఖాళీ. ఇంజనీరమ్మ తన అంకెల పుస్తకం పక్కన పెట్టి వేలితో రెండూ కలిపి చూసింది. మూసిన ఎనిమిది రాత్రులకు ముప్పై నాలుగులు, ఖాళీ వరసకు ఇరవై తొమ్మిది.

"కానీ నేను రోజూ తెరిచే వెళ్ళేదాన్ని కదా బాబాయ్?"

"మరిచిపోతున్నారనుకున్నానమ్మా. చెబితే చిన్నబుచ్చుకుంటారేమోనని, నేనే మూసి ఊరుకున్నాను."

ముందు లైబ్రేరియను నవ్వింది, మెడకు చుట్టుకోవడానికి తెచ్చుకున్న రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. ఇంజనీరమ్మ నవ్వడానికి కొంచెం సేపు పట్టింది. నవ్వాక కళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి, బాబాయి తాళాల చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆయన నేల చూపులు చూశాడు. కాకతాళీయమన్న సభ్యుడు రిజిస్టరు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, ఎక్కడైనా ఇంకో ఖాళీ దొరుకుతుందేమోనని. దొరకలేదు.

రిజిస్ట్రారు కలానికి మూత పెట్టాడు. నెలాఖరు దాకా రాత్రుళ్ళు తెరిచి చూడమన్నాడు. లేస్తూ లేస్తూ, రిజిస్టరులో ఖాళీ ఉండకూడదు, ఏదో ఒకటి రాసి సంతకం పెట్టు అని చెప్పి వెళ్ళాడు. మెమో అయితే రాలేదు.

నెలాఖరుకు మధ్యాహ్నం హాలు ముప్పై ఒకటికి దిగింది. మిగతా ఆరు నక్షాలూ మళ్ళీ బల్ల మీదికి వచ్చాయి. పిల్లలు పెట్టిన పేరు మాత్రం పోలేదు. ఎండకు తాళలేక కుంపట్లోకి వెళ్ళి కూర్చుందాం పద అనుకునేవారు. వీడ్కోలు సభలో రిజిస్ట్రారు పాత కాగితం జేబులోనే ఉంచుకుని, ఈయన తప్పు తనే పట్టుకుని మాకు అప్పగించాడు, మాలో ఎవరమూ చేయని పని అది అని మాత్రం అన్నాడు. బాబాయి భార్య మొదటి వరసలో కూర్చుని, పాలగిన్నె సంగతి ఎవరూ చెప్పరేమని పక్కావిడను అడిగింది.

సభ అయ్యాక ఆయన చివరిసారి పది చక్రాలూ తిప్పాడు. గేటు గదికి వచ్చి, రిజిస్టరులో వెనక్కి తిప్పి, ఆ ఖాళీ వరస దగ్గర ఆగాడు. ఇన్నాళ్ళూ దాన్ని నింపడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు అదే పాత భాషలో, నిదానంగా, "పై కిటికీలన్నీ తెరిచియుంచితిని" అని రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు ఒకసారి సరిచూసుకుని, తాళాల గుత్తి బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు.

గేటు దాటాక వెనక్కి తిరిగి చూడడం ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. తిరిగి చూశాడు. నలభై కిటికీలూ తెరిచి ఉన్నాయి. చెయ్యి దురద పెట్టింది. దాన్ని జేబులో పెట్టుకుని, భార్య పక్కన ఇంటికి నడిచాడు.